రాత్రిపూట వార్డుకు ఒక్క నర్సే ఎందుకు?

ఆసుపత్రులలో నర్సుల కొరత గురించి రోగుల బంధువులు, నర్సులు, నర్సింగ్ చదువుతున్న పిల్లల తల్లిదండ్రులు రాసిన ఉత్తరాలలో కొన్నింటికి ఈ నెల జవాబిస్తున్నాను. చాలాకాలం ప్రభుత్వాసుపత్రి వార్డుల్లో పనిచేసి, ఆ తరువాత నర్సింగ్ సూపరింటెండెంటుగా డ్యూటీ రోస్టర్లు వేసినదాన్ని కనుక నా మాటల్లో నర్సుల పక్షం కొంత వినిపించవచ్చు. లెక్కలను మాత్రం పాఠకులే వేసి చూసుకోవచ్చు.

ప్రశ్న: పక్షవాతం వచ్చిన మా నాన్నగారిని ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రిలో చేర్చాము. రాత్రి ఎనిమిది దాటితే వార్డు మొత్తానికి ఒక్క సిస్టరే ఉండేవారు. మంచాలు చాలక నేలమీద పరుపులు వేసి కూడా రోగులను ఉంచారు. సెలైన్ అయిపోయిందని చెప్పబోతే "వస్తానమ్మా, చూస్తూనే ఉన్నారుగా" అని విసుక్కునేవారు. ఇంతమంది రోగులకు ఇంతమంది నర్సులు ఉండాలన్న నిబంధన అసలు ఉందా, లేదా?
— ఒక గృహిణి, నరసరావుపేట

జవాబు: ఉంది. భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణాల ప్రకారం వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న ఆసుపత్రి జనరల్ వార్డుల్లో మూడు పడకలకు ఒక నర్సు, ఇతర ఆసుపత్రుల్లో ఐదు పడకలకు ఒక నర్సు, ఐసీయూలో పడకకు ఒక నర్సు ఉండాలి. సెలవులపై వెళ్లేవారి స్థానంలో పనిచేయడానికి దీనిపైన మరో 30 శాతం మందిని అదనంగా నియమించుకోవాలి. సిబ్బంది ఎందరు కావాలో తేల్చే కేంద్ర ప్రభుత్వ స్టాఫ్ ఇన్‌స్పెక్షన్ యూనిట్ 1990ల తొలినాళ్లలో జనరల్ వార్డుకు ఆరు పడకలకు ఒకరు చాలునని మరో లెక్క వేసింది. నిధులు మంజూరు చేసే అధికారులకు సహజంగానే ఆ రెండో లెక్క ఎక్కువ నచ్చుతుంది.

అయితే మూడు పడకలకు ఒకరు అన్నప్పుడు మీరు వెళ్లిన ప్రతి వేళా ముగ్గురు రోగులకు ఒక సిస్టర్ కనిపించాలని అనుకోకండి. అది మూడు షిఫ్టులకూ కలిపి వేసిన లెక్క. షిఫ్టుకు తొమ్మిది పడకలకు ఒకరు అన్నది కౌన్సిల్ పట్టికలోనే ఉంటుంది. ముప్పై పడకల వార్డునే తీసుకుందాం. మూడుకు ఒకరు చొప్పున పదిమంది, సెలవుల కోసం 30 శాతం కలిపితే పదమూడు మంది. ఏడాదికి 365 రోజులు, రోజుకు మూడు షిఫ్టులు, అంటే వార్డులో ఒక్క స్థానం ఎప్పుడూ ఖాళీ కాకుండా ఉండాలంటే 1,095 డ్యూటీలు నడవాలి. వారాంతపు ఆఫ్‌లు, పండుగలు, క్యాజువల్ లీవులు, ఆర్జిత సెలవులు, వరుస నైట్ల తరువాత ఇచ్చే నైట్ ఆఫ్‌లు తీసేస్తే ఒక నర్సు ఏడాదిలో చేయగలిగేవి సుమారు 270 డ్యూటీలు. కాబట్టి ఒక స్థానానికి నలుగురు మనుషులు కావాలి. పదమూడు మందిని నాలుగుతో భాగిస్తే ఏ వేళనైనా వార్డులో ముగ్గురు ఉంటారు, ఒక్కొక్కరికి పదిమంది రోగులు.

ఇది కాగితం మీద అన్నీ సవ్యంగా ఉన్నప్పటి మాట. పదమూడు పోస్టుల్లో మూడు ఖాళీగా ఉంటాయి. ఒకరు ప్రసూతి సెలవులో ఉంటారు. ఒకరిని క్యాజువాలిటీకో, మరో వార్డుకో డిప్యుటేషన్ మీద తీసుకుంటారు. ఇంకొకరు మందులూ సామగ్రీ కోరే ఇండెంట్లు రాయడం, ఆరోగ్య బీమా పథకం కాగితాలు అప్‌లోడ్ చేయించడం, దుప్పట్లు లెక్కపెట్టి ధోబీకి వేయడం వంటి పనుల్లో ఉండిపోతారు. రోస్టర్ వేసేవారు మిగిలినవారితో సర్దుకోవాలి. పెద్ద డాక్టర్ల రౌండ్లు, ఆపరేషన్లకు సిద్ధం చేయడం, డిశ్చార్జిలు అన్నీ ఉదయమే కనుక ఉదయానికి ఇద్దరు ముగ్గురిని వేస్తారు. సాయంత్రానికి ఇద్దరిని చూసుకుంటారు, రాత్రికి ఒకరు మిగులుతారు. ఆ వేళకు ముప్పై పడకల వార్డులో నేలమీది వారితో కలిపి నలభై మంది రోగులు ఉంటారు.

ఆ ఒక్కరి రాత్రి ఎలా గడుస్తుందో చెబుతాను. ఎనిమిదింటికి మంచం మంచం దగ్గర నిలబడి, కేస్ షీట్లు చూసుకుంటూ ఈవినింగ్ సిస్టర్ నుంచి వార్డును అప్పగించుకోవాలి. తరువాత ఇంజెక్షన్ల ట్రాలీ బయలుదేరుతుంది. యాంటీబయాటిక్ పొడిని నీటితో కలపడం, కేస్ షీట్‌లో పేరూ మోతాదూ సరిచూడడం, నరంలో పెట్టిన సన్నని గొట్టం, అంటే క్యాన్యులా, పనిచేస్తోందో లేదో చూడడం, మందు నెమ్మదిగా ఎక్కించడం, ఇచ్చినట్టు సంతకం చేయడం కలిపి ఎంత చురుకైన మనిషికైనా ఒక్కో రోగి దగ్గర నాలుగు నిమిషాలు పడుతుంది. నలభై మందికి రెండు గంటల నలభై నిమిషాలు. ఈలోగా క్యాజువాలిటీ నుంచి కొత్త కేసు స్ట్రెచర్ మీద వస్తే ట్రాలీని వదిలి అటు పరుగెత్తాలి. ఎక్కడో ఒకరికి ఆయాసం మొదలవుతుంది, ఆక్సిజన్ పెట్టి డ్యూటీ డాక్టరును పిలవాలి. సీరియస్ రోగుల బీపీ, నాడి, మూత్రం లెక్క గంట గంటకూ రాయాలి. తెల్లవారుజామున రక్త నమూనాలు తీసి ల్యాబుకు పంపాలి. మీ నాన్నగారి సెలైన్ సీసా అయిపోయిన కబురు ఆమెకు అందే సమయానికి చేతిలో మరో రోగి మందు ఉండి ఉంటుంది. విసుక్కోవడం సరైనదని నేను అనను. కాని మందు కలుపుతున్న నర్సును మధ్యలో పిలిస్తే మోతాదు తప్పే ప్రమాదం పెరుగుతుందని మా వృత్తిలో అందరికీ తెలుసు కనుక, ఆమె భయం విసుగు రూపంలో బయటపడి ఉండవచ్చు.

ఇక ఫిర్యాదు సంగతి. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్ మీద కాగితం రాస్తే ఆమెకు మెమో వస్తుంది, మరుసటి రాత్రి కూడా వార్డులో ఒక్కరే ఉంటారు. దానికి బదులు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి, ఆసుపత్రికి మంజూరైన నర్సింగ్ పోస్టులు ఎన్ని, భర్తీ అయినవి ఎన్ని, ఫలానా నెలలో ఆ వార్డు రాత్రి రోస్టర్ ఏమిటి, ఆ రాత్రుల్లో ఉన్న రోగులు ఎందరు అని అడగండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఆ కాగితాన్ని ఆసుపత్రి అభివృద్ధి సంఘం ముందూ, మీ శాసనసభ్యుని ముందూ పెట్టవచ్చు.

ప్రశ్న: మా జిల్లాలో ఎటు చూసినా నర్సింగ్ కళాశాలలే. మా వీధిలోనే ఇద్దరు అమ్మాయిలు బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసి, ఒకరు ఇంట్లో ఉన్నారు, మరొకరు చాలీచాలని జీతానికి ఒక నర్సింగ్ హోమ్‌లో చేస్తున్నారు. ఇంతమంది ఉండగా కొరత అంటారేమిటి?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, కరీంనగర్

జవాబు: మాస్టారూ, ఈ గందరగోళానికి మూలం మీరు అడిగిన ప్రశ్నలోనే ఉంది. పత్రికలు నర్సుల కొరత అని రాసినప్పుడు చదువరి మనసులో మెదిలేది నర్సింగ్ చదివినవారు లేరన్న బొమ్మ. మన దగ్గర అసలు కొరత పోస్టులది, బతకదగిన జీతాలది, ఉన్న మనిషిని నిలుపుకునే పరిస్థితులది.

దేశంలోని నర్సింగ్ రిజిస్టర్లలో 33 లక్షలకు పైగా పేర్లున్నాయి. ఆ లెక్కను ఆధారం చేసుకుని ప్రతి వెయ్యి మంది జనాభాకు 1.96 మంది నర్సులు ఉన్నారని కేంద్రం పార్లమెంటులో చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పేరుతో సాధారణంగా చెప్పే ప్రమాణం ముగ్గురు. దేశ ఆరోగ్య సేవలను పరిశీలించిన భోర్ కమిటీ 1946లో చూసినప్పుడు 43,000 మందికి ఒక నర్సు ఉన్న దేశం ఇంతదూరం రావడం చిన్న విషయం కాదు. కాని రిజిస్టర్‌లో పేరుండడం వేరు, వార్డులో మనిషి ఉండడం వేరు. పెళ్లయ్యాక మానేసినవారు, గల్ఫుకో ఇంగ్లండుకో వెళ్లినవారు, వేరే ఉద్యోగంలో స్థిరపడినవారు, విశ్రాంతి తీసుకున్నవారు, కన్నుమూసినవారు కూడా ఆ పాత పుస్తకాల్లో సజీవంగానే ఉంటారు. 2017-18 నాటి జాతీయ శాంపిల్ సర్వే వివరాలతో పరిశోధకులు వేసిన అంచనాలో, జాబితా ప్రకారం ప్రతి 10,000 మందికి 17.7 మంది నర్సులు, ఏఎన్ఎంలు ఉన్నట్టు కనబడితే, తగిన అర్హతతో నిజంగా పనిలో ఉన్నవారు సుమారు ఆరుగురే తేలారు.

మీ వీధి అమ్మాయి వంటివారు ఆ తేడాలోనే ఉన్నారు. ప్రభుత్వంలో మంజూరైన పోస్టులు ఎప్పుడో పడకలు తక్కువగా ఉన్న రోజుల్లో నిర్ణయించినవి కావచ్చు. కొత్త బ్లాకు కడతారు, శంకుస్థాపన ఫలకం వేస్తారు, పడకలు పెరుగుతాయి, పోస్టుల జీవో మాత్రం రాదు. వచ్చిన నోటిఫికేషన్ కూడా నెమ్మదిగా నడుస్తుంది. తెలంగాణలో 2022 డిసెంబరులో వెలువడిన స్టాఫ్ నర్సుల నోటిఫికేషన్‌కు 2023 ఆగస్టులో పరీక్ష జరిగి, 2024 జనవరి 31న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో 6,956 మందికి నియామక పత్రాలు అందాయి. అంత పెద్ద సంఖ్యలో ఒకేసారి తీసుకోవడం మెచ్చుకోదగినదే. అయితే ఒకేసారి అంతమందిని తీసుకోవలసి వచ్చిందంటే అంతకు ముందు ఆ స్థానాలు ఎన్నాళ్లు ఖాళీగానో, ఔట్‌సోర్సింగ్ చేతుల్లోనో ఉన్నాయో మీరే ఊహించండి. ఏటా ఎందరు పదవీ విరమణ చేస్తారో ముందే తెలిసే శాఖలో ఏటా నియామకం ఎందుకు జరగదన్నది నాకు నేటికీ అర్థంకాని విషయం.

ప్రైవేటు రంగంలో కథ జీతం దగ్గర ఆగుతుంది. నర్సుల సంఘం వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2016 జనవరి 29న ఇచ్చిన ఆదేశం మేరకు కేంద్రం నిపుణుల కమిటీని వేసింది. 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రి ప్రభుత్వ నర్సుతో సమానంగా జీతం ఇవ్వాలనీ, 100 నుంచి 200 పడకల ఆసుపత్రిలో ఆ జీతానికి 10 శాతానికి మించి తగ్గకూడదనీ, 50 నుంచి 100 పడకల చోట 25 శాతానికి మించి తగ్గకూడదనీ, 50 పడకల లోపు ఆసుపత్రిలో కూడా నెలకు 20,000 రూపాయలు తప్పనిసరి అనీ ఆ కమిటీ చెప్పింది. కేంద్రం దాన్ని రాష్ట్రాలకు పంపింది. కేరళలో నర్సులు వీధికెక్కి, సమ్మెలు చేసి, 2018లో కనీస వేతన నోటిఫికేషన్ సాధించుకున్నారు. మన ప్రాంతపు చిన్న నర్సింగ్ హోముల్లో ఆ 20,000 ఎందరికి వస్తోందో మీ వీధి అమ్మాయిని అడిగితే చెబుతుంది. పూర్తి అర్హత ఉన్న నర్సుకు బదులు తెల్లకోటు వేసిన శిక్షణ లేని అమ్మాయితోనో, క్లినికల్ పోస్టింగ్ పేరుతో వచ్చిన విద్యార్థినితోనో పని నడిపించుకునే వీలున్నంతకాలం యజమానికి జీతం పెంచవలసిన అవసరం కనిపించదు.

కళాశాలల గురించి ఒక మాట. 2014 తరువాత ఏర్పడిన వైద్య కళాశాలల పక్కనే 157 కొత్త నర్సింగ్ కళాశాలలు పెడతామని కేంద్రం 2023లో నిర్ణయించింది. ప్రభుత్వాసుపత్రి ఆవరణలో చదివే పిల్లలకు రోగులు దొరుకుతారు కనుక అది మంచిదే. నా బాధ మరో రకం కళాశాలల గురించి. అనుబంధ ఆసుపత్రి తనిఖీ రోజున మాత్రమే కళకళలాడే చోట చదివి, నాలుగేళ్ల తరువాత క్యాన్యులా పెట్టడానికి చేయి వణికే పిల్లలు నా దగ్గరకు డ్యూటీకి వచ్చారు. తప్పు వారిది కాదు. కాని వారిని తీర్చిదిద్దే పని కూడా ఆ వార్డు సీనియర్ నర్సు నెత్తినే పడుతుంది.

ప్రశ్న: హైదరాబాదులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఐసీయూ నర్సుగా చేస్తున్నాను. చేరేటప్పుడు రెండేళ్ల బాండు రాయించుకుని, నా ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టుకున్నారు. ఇద్దరు ముగ్గురు వెంటిలేటర్ రోగులను ఒక్కదాన్నే చూడమంటున్నారు, డబుల్ డ్యూటీలు వేస్తున్నారు. మానేస్తానంటే లక్ష కట్టమంటున్నారు. ఏం చేయాలి మేడమ్?
— పేరు రాయవద్దన్న నర్సు

జవాబు: అమ్మా, రెండు విషయాలను విడదీసి చూసుకో. సర్టిఫికెట్లు నీ సొత్తు. ఉద్యోగం ఇచ్చారన్న కారణంతో వాటిని తాకట్టు వస్తువుల్లా అట్టిపెట్టుకునే హక్కు యాజమాన్యానికి లేదు. తిరిగి ఇవ్వమని లిఖితపూర్వకంగా కోరుతూ రసీదుతో కూడిన స్పీడ్ పోస్టులో లేఖ పంపు, నకలు దాచుకో. ఇవ్వకపోతే రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌కూ, కార్మిక శాఖకూ, అవసరమైతే పోలీసులకూ ఫిర్యాదు చేయవచ్చు.

బాండు సంగతి అంత తేలిక కాదు. బాండు రాసినంత మాత్రాన చెల్లదని చాలామంది చెబుతారు, నమ్మవద్దు. ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు కేసులో మూడేళ్లలోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న షరతును సుప్రీంకోర్టు 2025 మేలో సమర్థించింది. అయితే కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను ప్రకారం సహేతుకమైన పరిహారం మాత్రమే రాబట్టుకోగలరు, రాసిన అంకె అంతా కాదు. నీకు ప్రత్యేక శిక్షణ ఇప్పించి ఖర్చుపెట్టారా, లేక చేరిన మర్నాడే ఐసీయూలో నిలబెట్టారా అన్నది అక్కడ ముఖ్యమవుతుంది. చదివిన చోటనే పనిచేయాలంటూ విద్యార్థులతో రాయించుకునే బాండును నర్సింగ్ కౌన్సిల్ కూడా తప్పుపట్టింది. నియామక పత్రంలో రాసిన నోటీసు కాలం పూర్తిచేసి, రాజీనామా అందినట్టు సంతకం తీసుకుని, ఆ తరువాతే బయటికి రా. చెప్పకుండా మానేస్తే అనుభవ పత్రం ఇవ్వకపోవడానికి వారికి సాకు దొరుకుతుంది, విదేశానికి వెళ్లే రోజున అది లేకపోతే ఇబ్బంది పడేది నువ్వే.

ఒంటరిగా ముగ్గురు వెంటిలేటర్ రోగులను అప్పగించిన ప్రతి షిఫ్టులో, ఆ సంగతి నర్సుల నోట్సులో సమయంతో సహా రాయి. ఇన్‌చార్జికి మౌఖికంగా కాక చీటీ రాసి తెలియజేయి. రేపు ఏ రోగికైనా ప్రమాదం జరిగితే విచారణ అధికారి మొదట తెరిచేది ఆ నోట్సునే.

ప్రశ్న: మా అమ్మాయి జర్మనీకి వెళ్లాలని భాష నేర్చుకుంటోంది. ఇక్కడ నర్సులు లేరని రోజూ చదువుతూ, కన్నబిడ్డను అక్కడికి పంపడం మనసుకు ఇబ్బందిగా ఉంది. ఏజెంట్ నాలుగు లక్షలు అడుగుతున్నాడు.
— ఒక తండ్రి, భీమవరం

జవాబు: ముందు ఏజెంట్ సంగతి తేల్చుకుందాం. విదేశీ ఉద్యోగానికి అభ్యర్థి నుంచి రిజిస్టర్డ్ ఏజెంట్ తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. నాలుగు లక్షలు అడిగినవాడి రిజిస్ట్రేషన్ సంఖ్యను విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్లో చూడండి. 2015లో కువైట్ నియామకాల పేరుతో నర్సుల నుంచి లక్షలకు లక్షలు గుంజిన ఉదంతం కేరళలో బయటపడ్డ తరువాత, గల్ఫ్ సహా 18 దేశాలకు నర్సులను ప్రభుత్వ నియామక సంస్థల ద్వారానే పంపాలని కేంద్రం నియమం పెట్టింది. జర్మనీ ఆ జాబితాలో లేదు, కాబట్టి జాగ్రత్త మీదే. జర్మనీ ఉపాధి సంస్థ నడిపే 'ట్రిపుల్ విన్' పథకంలో కేరళ తరఫున నోర్కా, తెలంగాణ తరఫున టామ్‌కామ్ అనే ప్రభుత్వ సంస్థలు భాగస్వాములు. అందులో అభ్యర్థి రుసుము కట్టనక్కరలేదు. ఇక్కడ బీ1 అనే మధ్యస్థాయి వరకు భాష నేర్పి పంపుతారు, అక్కడ దాని పై స్థాయి బీ2 పూర్తిచేసి, అర్హత గుర్తింపు వచ్చేవరకు సహాయకురాలిగా పనిచేయవలసి ఉంటుంది. ఆ మధ్యకాలంలో జీతం తక్కువ, పని ఎక్కువగా వృద్ధులకు స్నానం చేయించడం, పక్క మార్చడం వంటిది. నాలుగేళ్లు డిగ్రీ చదివిన మన పిల్లలు అక్కడ మొదట నొచ్చుకునేది దీనికే, కనుక ముందే చెప్పి పంపండి.

ఇక మీ మనసులోని ఇబ్బంది. ఆ భారం మీ అమ్మాయి మీద పెట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం. బలహీనమైన ఆరోగ్య వ్యవస్థలున్న దేశాల నుంచి నర్సులను వెతికి పట్టుకుపోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఒక నియమావళి చేసింది. అంతకు ముందే, 2000ల దశకంలో, బ్రిటన్ ఆరోగ్య సేవ తన నియామకాల నియమావళిలో భారతదేశంలోని నాలుగు రాష్ట్రాల్లో చురుగ్గా నర్సులను వెతకవద్దని రాసుకుంది. ఒడిశా, మధ్యప్రదేశ్, పశ్చిమ బెంగాల్, నాలుగోది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. బ్రిటన్ నుంచి అభివృద్ధి సహాయం పొందుతున్న రాష్ట్రాలన్నది కారణం. ఆ నిషేధం వల్ల మన వార్డుల్లో నర్సుల సంఖ్య పెరిగిన జాడ నేను చూడలేదు. గుంటూరు, మెదక్, డోర్నకల్ మిషన్ ఆసుపత్రుల కాలం నుంచి మన అమ్మాయిలు ఈ చదువు చదువుతున్నారు. నిలకడైన ఉద్యోగం దొరికినవారు చాలామంది ఇక్కడే పదవీ విరమణ వరకు ఉన్నారు. ఔట్‌సోర్సింగ్ కాంట్రాక్టును ఏడాదికొకసారి పొడిగించుకుంటూ, కోవిడ్ రెండు దశల్లోనూ పీపీఈ కిట్లలో చెమటోడ్చి, ఆ తరువాత అవసరం లేదనిపించుకున్న పిల్లలు వెళ్లిపోతామంటే ఆగమని చెప్పే నోరు నాకు లేదు.

నిజంగా తగిలే దెబ్బ మరొకటి ఉంది. వెళ్లేవారిలో ఎక్కువమంది ఐసీయూ, ఆపరేషన్ థియేటర్, డయాలసిస్ విభాగాల్లో మూడు నాలుగేళ్ల అనుభవం గడించినవారు. అటువంటి ఒక్కరు వెళితే వారి స్థానంలో కొత్తగా పట్టా పుచ్చుకున్న ఇద్దరిని వేసినా సరిపోరు. ఖాళీల లెక్కల్లో ఈ నష్టం కనిపించదు.

ప్రశ్న: మా అబ్బాయి దగ్గరకు కాలిఫోర్నియా వెళ్లినప్పుడు నాకు గుండె సంబంధమైన చికిత్స జరిగింది. నర్సు గంటకోసారి వచ్చి చూసేది. తనకు ఐదుగురికి మించి రోగులను ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదని చెప్పింది. అటువంటి చట్టం మనకెందుకు రాదు?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఆమె చెప్పింది నిజమే. కాలిఫోర్నియాలో 1999లో చేసిన చట్టం 2004లో అమలులోకి వచ్చింది. సాధారణ వార్డులో నర్సుకు మొదట ఆరుగురు, 2005 నుంచి ఐదుగురు, ఐసీయూలో ఇద్దరు, అత్యవసర విభాగంలో నలుగురు మించకూడదు. మూడు షిఫ్టులకు కలిపి వేసే లెక్క అక్కడ చెల్లదు. నర్సు భోజనానికి వెళ్లినా ఆ అరగంటకు మరొకరు ఉండాలి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రం 2016లో పగలు నలుగురికి ఒకరు, రాత్రి ఏడుగురికి ఒకరు అని విడివిడిగా చట్టంలో రాసింది. నరసరావుపేట పాఠకురాలు అడిగిన ప్రశ్నకు ఇది నేరుగా తగిలే జవాబు.

దీని వెనుక పరిశోధన బలం ఉంది. పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రులలో ఆపరేషన్ చేయించుకున్న రోగులను పరిశీలించిన అమెరికా నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం, నర్సుకు ఒక రోగి అదనమైన కొద్దీ 30 రోజుల్లో మరణించే అవకాశం 7 శాతం పెరుగుతోందని 2002లో ప్రకటించింది. తొమ్మిది ఐరోపా దేశాల మీద 2014లో వచ్చిన పరిశీలనలోనూ అదే 7 శాతం తేలింది.

మన దగ్గర నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం ప్రమాణంగానే ఉంది, ఉల్లంఘిస్తే శిక్షించే చట్టంగా మారలేదు. 1947 నాటి చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది, కాని అది ముఖ్యంగా విద్య, రిజిస్ట్రేషన్, వృత్తి ప్రవర్తనలకు సంబంధించినది. వైద్యం రాష్ట్రాల పరిధిలోని అంశం కనుక నిష్పత్తి చట్టం చేయవలసింది రాష్ట్ర శాసనసభలే. అటువంటి చట్టానికి మొదట కట్టుబడవలసింది ప్రభుత్వాసుపత్రులే కాబట్టి, ఆ బిల్లు రాసే శాఖే మొదటి ముద్దాయి అవుతుంది. చట్టం రాకపోవడానికి ఇంతకంటే పెద్ద కారణం నాకు కనిపించదు. ఒక్కసారిగా ఐదుకు ఒకరు అనడం మన దగ్గర సాధ్యపడదు, ఒప్పుకుంటాను. ఐసీయూలు, ప్రసూతి వార్డులు, నవజాత శిశు విభాగాలతో మొదలుపెట్టి, ప్రతి షిఫ్టులో వార్డు ద్వారం దగ్గర 'ఈ పూట రోగులు ఇందరు, నర్సులు ఇందరు' అని బోర్డు మీద రాయడం తప్పనిసరి చేస్తే దానికి కొత్త ఖజానా అక్కరలేదు, ఒక సుద్దముక్క చాలు.

ప్రశ్న: ఆసుపత్రిలో మా అత్తగారికి ముక్కు గొట్టం ద్వారా పాలు, జావ నన్నే పోయమన్నారు. ఇది నర్సు పని కాదా? మేము ఏవి చేయవచ్చు, ఏవి చేయకూడదు?
— ఒక కోడలు, శ్రీకాకుళం

జవాబు: నర్సు పనే. మన ఆసుపత్రుల్లో నర్సులు చేయవలసిన పనిలో పెద్ద భాగం రోగితో ఉండే బంధువులు, అంటే అటెండెంట్లే చేస్తున్నారు, ఏ రిజిస్టర్‌లోనూ వారి పేరుండదు. ఆ పని మీకు తప్పనప్పుడు కనీసం మొదటిసారి నర్సు ఎదుట ఉండి చేయించాలని పట్టుబట్టండి. గొట్టం లోపల సరైన చోట ఉందో లేదో చూడవలసింది ప్రతిసారీ నర్సే. మీరు గమనించవలసింది ఇది: తల వైపు మంచాన్ని బాగా ఎత్తి, రోగిని దాదాపు కూర్చున్నట్టు ఉంచి, సిరంజి నుంచి ఆహారం దానంతట అది దిగేలా నెమ్మదిగా పోయాలి, పిస్టన్‌తో నెట్టకూడదు. పోసిన తరువాత అరగంట నుంచి గంట వరకు పడుకోబెట్టకూడదు. మధ్యలో దగ్గు వచ్చినా, ముఖం రంగు మారినా వెంటనే ఆపి పిలవాలి. పడుకోబెట్టి పోస్తే ఆహారం ఊపిరితిత్తుల్లోకి వెళ్లి న్యుమోనియా వస్తుంది. పక్షవాతం రోగులను జబ్బు కంటే ఇదే బలిగొన్న సందర్భాలున్నాయి.

పక్క మార్చడం, వీపు తుడిచి ఆరబెట్టడం, నోరు శుభ్రం చేయడం నిస్సంకోచంగా చేయండి. రెండు గంటలకోసారి పక్క మారిస్తే పడకపుండ్లు చాలావరకు రావు. సెలైన్ అయిపోతే గాలి ఎక్కి ప్రాణం పోతుందని భయపడి పరుగెత్తనక్కరలేదు. మామూలుగా వేలాడదీసిన సీసాలో ధార దానంతట అదే ఆగిపోతుంది. మహా అయితే రక్తం వెనక్కి వచ్చి క్యాన్యులా మూసుకుపోతుంది. గొట్టం మీది చక్రాన్ని పూర్తిగా మూయవచ్చునా అని నర్సును ముందే అడిగి ఉంచుకోండి. వేగం పెంచడానికి మాత్రం ఆ చక్రాన్ని ఎప్పుడూ తిప్పకూడదు, ఎందుకంటే ఆ సీసాలో పొటాషియం వంటి మందు కలిపి ఉంటే అది గుండెను ఆపగలదు. మందును కొలతగా ఎక్కించే ఇన్ఫ్యూజన్ పంపు మోగితే బటన్ నొక్కి శబ్దం ఆపవద్దు. ఆక్సిజన్ మీటరు, మూత్రపు గొట్టం, ఆపరేషన్ చోటు నుంచి ద్రవం బయటికి తీసే డ్రెయిన్ గొట్టం ముట్టుకోవద్దు. నర్సు రాత్రి రౌండుకు వచ్చినప్పుడు మీ ప్రశ్నలన్నీ ఒకేసారి అడగండి. మధ్యలో వెళ్లి పిలవవలసినవి ఆయాసం, స్పృహ తప్పడం, రక్తస్రావం, ఫిట్స్, ఛాతీ నొప్పి. వాటికి మాత్రం ఆమె ఎవరికి మందు ఇస్తున్నా సరే, ఆగకుండా పిలవండి.